భూమి వంపు, ఎండలు, రుతువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్లో సైన్సు చెప్పేవాడికి ఈ సందేహాలు ఏటా తప్పవు. జూలైలో పిల్లలు అడుగుతారు, మే నెలలో పక్కింటివాళ్లు, సంక్రాంతికి చుట్టాలు. చెప్పిందే చెప్పీ చెప్పీ చివరికి ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. కావలసింది చదువుకుని వెళ్లిపోవచ్చు, వరసగా చదవాల్సిన పనేం లేదు.

## మొదట్లోనే తగిలే సందేహాలు

ఆకాశంలో కిందా మీదా లేవంటారు కదా, మరి భూమి దేనితో పోలిస్తే వంగినట్టు?

సూర్యుడి చుట్టూ భూమి తిరిగే దారిని ఒక పెద్ద బల్ల అనుకోండి. ఆ బల్ల మీద భూమి బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతూ ముందుకు సాగుతుంది. ఈ బొంగరం బల్లకు నిట్టనిలువుగా నిలబడలేదు, 23.4 డిగ్రీలు పక్కకు ఒరిగింది. వంపు అంటే ఇదే. మన పాత గణితంలో దీన్ని పరమ క్రాంతి అన్నారు, సూర్య సిద్ధాంతం దాన్ని 24 డిగ్రీలుగా తీసుకుంది. స్కూలు గ్లోబును ఏటవాలుగా బిగించేది కూడా ఇందుకే. స్క్రూ వదులైందనుకుని దాన్ని నిటారుగా సరిచేయబోయిన అటెండరును ఒకసారి నేనే ఆపాను.

ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుందా?

వెళ్లదు. మన లెక్కకు సరిగ్గా తిరగబడి ఉంటుంది. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, అంటే మనం దుప్పటి కప్పుకునే రోజుల్లో. అప్పుడు దూరం సుమారు 14.71 కోట్ల కిలోమీటర్లు. బాగా దూరంగా ఉండేది జూలై మొదటి వారంలో, సుమారు 15.21 కోట్ల కిలోమీటర్లు. దూరమే కారణమైతే భూమి మీద అందరికీ ఒకేసారి ఎండాకాలం రావాలి. మనకు మే ఎండలు కాస్తుంటే ఆస్ట్రేలియా వాళ్లు స్వెట్టర్లు బయటికి తీస్తారు, ఆ ఒక్క సంగతితో ఈ వాదన తేలిపోతుంది.

జూలైలో భూమి దూరం జరగడం వల్ల చలి, జలుబు, దగ్గు పెరుగుతాయని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?

ఆ మెసేజ్ ఏటా వస్తుంది, ఏటా అబద్ధమే. దూరం జరగడం నిజం, కానీ అది ప్రతి ఏడూ జరిగేదే. దగ్గరకూ దూరానికీ తేడా 50 లక్షల కిలోమీటర్లు. వినడానికి పెద్దదే గానీ మొత్తంలో మూడు శాతం కాస్త పైన, అంతే. దాని వల్ల భూమికి అందే ఎండ జనవరితో పోలిస్తే ఏడు శాతం దాకా తగ్గుతుంది. అయినా జూలైలో ఉత్తరార్ధగోళానికి ఎండాకాలమే. వానాకాలంలో జలుబు చేస్తే దానికి కారణం వానాకాలమే.

సూర్యుడి వైపు ఒరిగిన సగం దగ్గరవుతుంది కాబట్టి అక్కడ వేడి ఎక్కువ, అంతేనా?

సగం మంది టీచర్లు కూడా ఇలాగే చెబుతారు. భూమి అడ్డకొలతే సుమారు 12,700 కిలోమీటర్లు. ఎంత ఒరిగినా దగ్గరయ్యేది ఆ లోపే. సూర్యుడు ఉన్న 15 కోట్ల కిలోమీటర్లలో అది పదివేలో వంతు కూడా కాదు. ఒరగడం వల్ల మారేవి రెండు: ఎండ ఎంత నిటారుగా పడుతుందన్నది, రోజుకు ఎన్ని గంటలు పడుతుందన్నది.

భూమి ఆరు నెలలు ఇటూ ఆరు నెలలు అటూ ఊగుతుందా?

ఊగదు. అక్షం ఏడాదంతా ఒకే వైపు, ధ్రువ నక్షత్రం వైపే చూస్తుంది. భోగి మంట చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి, కానీ తలను మాత్రం వీధి చివరి రావిచెట్టు వైపే వంచి ఉంచండి. మంటకు ఇవతల నిలబడితే తల మంట మీదికి వంగి ఉంటుంది. అవతలి పక్కకు వెళ్లేసరికి అదే తల మంట నుంచి బయటికి వంగి ఉంటుంది. మీరు తల తిప్పలేదు, మీరున్న చోటు మారింది. జూన్‌లో ఉత్తర ధ్రువం సూర్యుడి వైపుకీ, డిసెంబర్‌లో అవతలికీ ఉండటం ఇలాగే. ఇక్కడ మంటకు తల దగ్గరవడాన్ని పట్టించుకోకండి, భూమి విషయంలో ఆ తేడా లెక్కలోకి రాదు. ఉపమానాలతో ఉన్న తంటా అదే.

## వేడి ఎక్కువ తక్కువలు

అదే సూర్యుడు, అదే ఎండ. ఏటవాలుగా పడితే వేడెందుకు తగ్గుతుంది?

ఒక గరిటె పిండితో చిన్న దోసె పోస్తే మందంగా వస్తుంది, పెనమంతా తిప్పితే పలచనవుతుంది. పిండి అంతే ఉంది, పరిచిన చోటు పెరిగింది. ఎండా అంతే. రాత్రి లైటు ఆర్పి, గచ్చు పలకల మీద టార్చి నిలువుగా పట్టుకుంటే వెలుగు ఒక పలకలో గుండ్రంగా పడుతుంది. అదే ఎత్తులో టార్చిని పక్కకు వంచితే కోడిగుడ్డు ఆకారంలో రెండు మూడు పలకల మీదికి సాగి, మసకబారుతుంది.

లెక్కలో చెప్పాలంటే, హైదరాబాద్‌లో డిసెంబర్ 21 మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే నేల మీద ప్రతి అడుగుకూ అందేది ముప్పావు వంతు. అదే రోజు లండన్‌లో సూర్యుడు 15 డిగ్రీలే లేస్తాడు. అక్కడ అదే ఎండ దాదాపు నాలుగింతల నేల మీద పరుచుకుంటుంది. పైగా ఏటవాలు కిరణం ఎక్కువ గాలిని దాటుకుని రావాలి, దారిలోనే కొంత చెదిరిపోతుంది. పొద్దున ఏడింటి ఎండలో హాయిగా నిలబడగలిగి, పన్నెండింటికి చెట్టు నీడ వెతుక్కునేది ఈ రెంటి వల్లే.

పగలు పొడవు మారడం నిజంగా అంత లెక్కా?

మనకు కొద్దిగానే. హైదరాబాద్‌లో అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, అతి చిన్నది 11 గంటల 5 నిమిషాలు. భూమధ్యరేఖకు దూరం వెళ్లేకొద్దీ ఈ తేడా విపరీతంగా పెరుగుతుంది. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు దాటుతుంది, డిసెంబర్‌ది ఎనిమిది గంటలు కూడా ఉండదు.

ధ్రువం దగ్గర ఆరు నెలలు పగలే కదా, మంచంతా కరిగిపోవాలిగా?

ఇక్కడ నమ్మబుద్ధి కాని నిజం ఒకటుంది. జూన్ 21న ఇరవై నాలుగు గంటలకూ కలిపి వాతావరణం పైకప్పు మీద పడే ఎండ లెక్కేస్తే, ఉత్తర ధ్రువానికి భూమధ్యరేఖ కంటే ఎక్కువే అందుతుంది. సూర్యుడు 23.4 డిగ్రీల ఎత్తులోనే ఉన్నా అస్తమించడు కాబట్టి. కానీ ఆ వాలు కిరణాలు మందమైన గాలి పొరలోంచి రావాలి, వచ్చింది కూడా తెల్లటి మంచు మీద పడి చాలా భాగం వెనక్కి పోతుంది. మిగిలిన వేడిలో చాలావరకు మంచును నీరు చేయడానికే ఖర్చవుతుంది. ఆ తర్వాత ఆరు నెలల రాత్రి ఉండనే ఉంది. అంటార్కిటికాలో మన దేశపు మైత్రి కేంద్రం దాదాపు 71 డిగ్రీల దక్షిణంలో ఉంది. అక్కడ ఉండేవాళ్లు మనకు ఎండలు ముదిరిన మే చివర్లో సూర్యుడికి వీడ్కోలు చెబితే, మళ్లీ చూసేది రెండు నెలల తర్వాతే.

డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య రాత్రి ఎనిమిదిన్నరకు కూడా ఎండ ఉందని వీడియో కాల్‌లో చూపించాడు. అదెలా?

డల్లాస్ మనకంటే బాగా ఉత్తరాన, సుమారు 33 డిగ్రీల దగ్గర ఉంది. జూన్‌లో అక్కడ పగలు 14 గంటల 20 నిమిషాల దాకా ఉంటుంది, మనకంటే గంటకు పైగా ఎక్కువ. దానికి తోడు వేసవిలో అక్కడ గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. కాబట్టి అందులో ఒక గంట భూమి వంపు పుణ్యం కాదు, అక్కడి చట్టం పుణ్యం.

## మన ఊళ్ల సంగతి

జూన్ 21 అతి పెద్ద పగలైతే, మనం మే నెలలోనే ఎందుకు మాడిపోతాం?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. పాఠ్యపుస్తకాల్లో లెక్క చల్లటి దేశాలను దృష్టిలో పెట్టుకుని ఉంటుంది. జూన్ 21న ఎక్కువ ఎండ, నేలా సముద్రమూ నెమ్మదిగా వేడెక్కుతాయి కాబట్టి ఇంకో నెలకు అసలు వేడి, అని. మనకది కుదరదు.

సూర్యుడు నెత్తి మీదికి రాగల ఉత్తరపు హద్దు కర్కటరేఖ, మనం దానికి దక్షిణాన ఉన్నాం. అందుకే ఉత్తరానికి వెళ్లే సూర్యుడు మధ్యలో మన నెత్తి మీదుగా దాటుతాడు: తిరుపతి మీదుగా ఏప్రిల్ చివర్లో, విజయవాడ మీదుగా మే 5 ప్రాంతంలో, హైదరాబాద్ మీదుగా మే 9 ప్రాంతంలో. జూన్ 21 నాటికి కూడా హైదరాబాద్ నెత్తి నుంచి ఆరు డిగ్రీలే ఉత్తరానికి జరిగి ఉంటాడు. తిరుగు ప్రయాణంలో ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు.

ఇప్పుడు మే 9నీ ఆగస్టు 3నీ పక్కపక్కన పెట్టండి. అదే కోణం, దాదాపు అదే పగలు. మేలో హైదరాబాద్ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 39 డిగ్రీల దగ్గర, ఆగస్టులో 30 దగ్గర. ఆ తొమ్మిది డిగ్రీలూ మబ్బులవీ, తడివీ. మేలో నేల బీటలు వారి ఉంటుంది, పడిన ఎండంతా మట్టినీ గాలినీ కాల్చడానికే పోతుంది. వానలు పడ్డాక అదే ఎండ ముందు తడిని ఆవిరి చేయాలి. మట్టి కుండలో నీళ్లు చల్లబడేదీ ఈ కిటుకుతోనే. రెంటచింతల, రామగుండం లాంటి ఊళ్ల పేర్లు మేలో వార్తల్లోకి వచ్చి జూలైకి మాయమయ్యేది ఇందుకే.

అయితే మన వానలకూ భూమి వంపుకూ సంబంధం లేదా?

ఉంది, గట్టిగా ఉంది. ఎండ ఉత్తరానికి జరిగేసరికి ఉపఖండం నేల సముద్రం కంటే తొందరగా, ఎక్కువగా వేడెక్కుతుంది. వాయవ్యాన గాలి పలచబడి అల్పపీడనం ఏర్పడుతుంది. హిందూ మహాసముద్రం దక్షిణ భాగం నుంచి తడిగాలి భూమధ్యరేఖ దాటి ఇటు వస్తుంది, అదే నైరుతి. కేరళకు మామూలుగా జూన్ 1కి, ఆ తర్వాతి రోజుల్లో మనకు. సూర్యుడు దక్షిణానికి మళ్లాక గాలి తిరగబడుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నెల్లూరు వైపు కురిసే ఈశాన్య వానలు ఆ తిరుగుబాటువే.

పుస్తకంలో నాలుగు రుతువులు, పంచాంగంలో ఆరు, మా తాతయ్య మూడే కాలాలంటాడు. ఎవరు రైటు?

మన ఊళ్ల వరకు తాతయ్యే. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అనేది ఒంటికి తెలిసే లెక్క. నాలుగు రుతువులు ఆకులు రాల్చి మంచు కురిసే దేశాలవి. వసంతం నుంచి శిశిరం దాకా ఆరు, ఏడాదిని రెండేసి నెలలుగా కోసిన పద్ధతి.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కార్తెకూ ఎండకూ శాస్త్రపరంగా లంకె ఉందా?

సూర్యుడు రోహిణి నక్షత్రం దగ్గర కనబడే పధ్నాలుగు రోజులే రోహిణీ కార్తె, సుమారు మే 25 నుంచి జూన్ 7 దాకా. ఆ నక్షత్రం వేడి పుట్టించదు. కానీ ఆ రోజుల్లో సూర్యుడు దాదాపు నెత్తి మీద ఉంటాడు, నేల పూర్తిగా ఎండి ఉంటుంది, వాన ఇంకా రాలేదు. అంటే కార్తె ఒక క్యాలెండర్ గుర్తు. రైతుకు తేదీలతో పని లేకుండా సీజన్ చెప్పిన గుర్తు కాబట్టి చాలా పనికొచ్చేదే.

ఏడాదంతా నీడగా ఉండే మా ఉత్తరం గోడకు మే, జూన్‌లలో ఎండ తగులుతోంది. ఇదేంటి?

మీ ఇల్లు సరిగ్గానే ఉంది. హైదరాబాద్‌లో మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అందుకే ఆ రోజుల్లో పిట్టగోడ నీడ దక్షిణం వైపు పడుతుంది. డిసెంబర్‌లో దీనికి పూర్తిగా రివర్స్: దక్షిణం కిటికీలోంచి ఎండ మంచం దాకా వస్తుంది. వడియాలు ఎక్కడ పెట్టాలో మా అమ్మకు ఈ లెక్కంతా డిగ్రీలు లేకుండానే తెలుసు.

మరి సోలార్ ప్యానెళ్లను దక్షిణం వైపే ఎందుకు వాలుస్తారు?

ఏడాదిలో తొమ్మిది నెలలు మధ్యాహ్నం సూర్యుడు మనకు దక్షిణానే ఉంటాడు కాబట్టి. వాలు సుమారుగా మన అక్షాంశమంత పెడతారు, హైదరాబాద్‌కు 17 డిగ్రీల దగ్గర.

లంబసింగిలో వణికించే చలి, విశాఖలో ఫ్యాన్ వేసుకోవాలి. ఇదీ వంపు వల్లేనా?

కాదు. రెండూ దాదాపు ఒకే అక్షాంశం, ఇద్దరికీ సూర్యుడు ఒక్కలాగే. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, విశాఖ సముద్రం ఒడ్డున ఉంది.

## పండుగలు, పంచాంగం

ఉత్తరాయణం సంక్రాంతికి మొదలవుతుందా, డిసెంబర్ 22కా?

సూర్యుడు దక్షిణపు కొసను తాకి ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21 లేదా 22న. ఆకాశంలో జరిగేది అదే. మకర సంక్రాంతి సూర్యుడు మకర రాశిలో అడుగుపెట్టే రోజు, రాశిని నక్షత్రాలతో కొలుస్తాం. ఒకప్పుడు, సుమారు 1,700 ఏళ్ల కిందట, ఈ రెండూ ఒకే రోజున వచ్చేవి. భూమి అక్షం వేగం తగ్గిన బొంగరంలా చాలా నెమ్మదిగా తల తిప్పుతుంది, ఒక చుట్టుకు దాదాపు 26,000 ఏళ్లు. అందువల్ల నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం వచ్చింది. ఇప్పుడది 24 రోజులు. ముగ్గులు ఎప్పుడు వేయాలన్నది పంచాంగం చెబుతుంది. పగలు ఎప్పటి నుంచి పెరుగుతుందని పరీక్షలో అడిగితే మాత్రం డిసెంబర్ రాయండి.

అరసవల్లిలో స్వామి పాదాలను కిరణాలు ఏడాదికి రెండుసార్లే ఎందుకు తాకుతాయి?

ఉదయించే చోటు రోజూ కొద్దిగా జరుగుతుంది. సూర్యుడు ఒకసారి ఉత్తరానికి వెళ్తూ, ఒకసారి దక్షిణానికి వస్తూ ప్రతి చోటునూ రెండుసార్లు దాటాలి. అరసవల్లిలో కిరణాలు పడే రోజులు మార్చి 9, 10, మళ్లీ అక్టోబర్ 1, 2 ప్రాంతం. మార్చి 20 విషువత్తుకు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు) పది రోజుల ముందు, సెప్టెంబర్ 23 విషువత్తుకు ఎనిమిది తొమ్మిది రోజుల తర్వాత. అంటే రెండుసార్లూ సూర్యుడు భూమధ్యరేఖకు దాదాపు నాలుగు డిగ్రీల దక్షిణాన, ఒకే చోట ఉంటాడు. గుడి కట్టినవాళ్లు గురి చూసి కట్టారనడానికి నాకు ఇంతకన్నా అందమైన లెక్క కనబడదు.

ఉగాది నాడు పగలూ రాత్రీ సమానమా?

కాదు. ఉగాది చంద్రుడి లెక్కతో వస్తుంది కాబట్టి ఏటా తేదీ మారుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యేది మార్చి 20 ప్రాంతంలో. 1957లో అమల్లోకి వచ్చిన మన జాతీయ క్యాలెండర్ ఏడాదిని దీన్ని బట్టే, మామూలు సంవత్సరాల్లో మార్చి 22న మొదలుపెడుతుంది.

సిడ్నీలో మా చెల్లెలు సంక్రాంతికి చెమటలు కక్కుతూ అరిసెలు వండింది. అక్కడ సూర్యుడు దగ్గరగా ఉండి కూడా మనకన్నా మంట ఎక్కువ కాదంటుంది, ఎందుకు?

జనవరిలో దక్షిణార్ధగోళం సూర్యుడి వైపు వంగి ఉంటుంది, అప్పుడే భూమి దగ్గరగా కూడా ఉంటుంది. లెక్కప్రకారం వాళ్ల వేసవి మన వేసవి కంటే తీవ్రంగా ఉండాలి. కానీ ఆ సగంలో సముద్రాలెక్కువ, నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి. ఇంకో సరదా సంగతి, సిడ్నీలో మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ ఉత్తరాన్నే ఉంటాడు. అక్కడ ఎండ కావాలనుకునేవాళ్లు ఉత్తరం కిటికీ ఉన్న ఇల్లు వెతుక్కుంటారు.

## చేసి చూడాలనుకునేవాళ్లకు

నీడ మాయమయ్యే రోజును ఇంట్లో ఎలా చూడాలి?

మన ఊరి తేదీ తెలుసుకుని, డాబా మీద చదునైన చోట స్టీలు గ్లాసు బోర్లించండి. పది నిమిషాల ముందు నుంచీ కూర్చోండి. నీడ గ్లాసు అంచు వెంట సన్నటి నల్ల గీతలా సాగి, చివరికి గ్లాసు కిందికి దూరిపోతుంది. ఒకటి రెండు నిమిషాలు అక్కడో గ్లాసు ఉందన్నట్టే ఉండదు, ఆ తర్వాత రెండో పక్క నుంచి నీడ తొంగిచూస్తుంది. పిల్లలు కేకలు పెట్టేది సరిగ్గా అప్పుడే. ఒక్క మాట: గడియారంలో పన్నెండుకే చూస్తే తప్పిపోతారు. మన దేశ కాలం కాకినాడకు దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశానిది. హైదరాబాద్ దానికి పడమరన ఉంది కాబట్టి మేలో 12:12కి, ఆగస్టులో 12:23 ప్రాంతంలో జరుగుతుంది.

ఏ పరికరం లేకుండా ఏడాదంతా గమనించగలిగేది ఏదైనా ఉందా?

సూర్యోదయం. ఒకే చోట నిలబడి నెలకోసారి ఫోన్లో ఫొటో తీయండి. మా డాబా మీంచి డిసెంబర్‌లో సూర్యుడు పక్కింటి నీళ్ల ట్యాంకు వెనక లేస్తాడు, జూన్‌కి సెల్ టవర్ దాటి ఎడమకు వెళ్లిపోతాడు. హైదరాబాద్ దగ్గర ఈ రెండు కొసల మధ్య ఎడం 49 డిగ్రీలు. నేరుగా తూర్పున లేచేది ఏడాదికి రెండుసార్లే.

## ఇంకాస్త దూరం ఆలోచించేవాళ్లకు

వంపు అసలు లేకపోతే ఏమయ్యేది?

సూర్యుడు రోజూ నేరుగా తూర్పునే లేచేవాడు, పగలు ఎక్కడైనా పన్నెండు గంటలే. హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా 73 డిగ్రీల దగ్గరే ఆగిపోయేవాడు. ఎండ ఉత్తరానికి జరగకపోతే ఏటా గాలి తిరగబడే పని లేదు, ఇప్పుడు మనకు తెలిసిన నైరుతీ ఉండదు. ఖరీఫ్, రబీ అనే మాటలకు అర్థం పోయేది.

వంపు మారుతోందా? ఇప్పటి ఎండలు పెరగడానికి అదే కారణమా?

మారుతోంది, కానీ కారణం అది కాదు. సుమారు 41,000 ఏళ్లకోసారి వంపు 22.1 నుంచి 24.5 డిగ్రీల మధ్య పెరిగి తగ్గుతుంది. దీన్ని హిమయుగాలతో ముడిపెట్టి లెక్కకట్టినవాడు సెర్బియాకు చెందిన మిలుటిన్ మిలాంకోవిచ్. ప్రస్తుతం వంపు తగ్గుతోంది, కర్కటరేఖ ఏడాదికి 15 మీటర్ల దాకా దక్షిణానికి జరుగుతోంది. వంపు తగ్గితే ఉత్తరాన వేసవులు మెత్తబడాలి. మన చేతుల మీదుగా గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు దానికి ఎదురు దిశలో, దానికన్నా ఎంతో వేగంగా పనిచేస్తోంది.

బోర్లు తోడేయడం వల్ల భూమి 80 సెంటీమీటర్లు ఒరిగిపోయిందని చదివాను. రుతువులు తారుమారవుతాయా?

కావు. 2023లో వచ్చిన ఆ పరిశోధన చెప్పింది వేరు. 1993 నుంచి 2010 దాకా తోడిన భూగర్భ జలం వల్ల, అక్షం భూమి ఉపరితలాన్ని తాకే చోటు 80 సెంటీమీటర్ల దాకా జరిగింది. ధ్రువం గుర్తు రెండున్నర అడుగులు పక్కకు పోయిందన్న మాట, సూర్యుడి వైపు వంపు మారిందని కాదు. బోర్లు ఎండిపోవడం గురించి దిగులు పడండి, రుతువుల గురించి వద్దు.

మిగతా గ్రహాలకూ వంపు ఉందా?

అంగారకుడికి 25 డిగ్రీలు, అందుకే అక్కడా మనలాంటి రుతువులే, కాకపోతే మనవాటికి దాదాపు రెట్టింపు పొడవు. బృహస్పతికి మూడే, రుతువులు లేనట్టే. యురేనస్ 98 డిగ్రీలు ఒరిగి పక్క మీద పడుకుని దొర్లుతున్నట్టు ఉంటుంది, అక్కడ ఒక్కో ధ్రువానికి 42 ఏళ్ల పగలు, 42 ఏళ్ల రాత్రి.